కొల్లేటి పటం

పాఠ్యభాగ ఉద్దేశం

భౌగోళిక సమాచారాన్ని కంప్యూటర్ సాయంతో నమూనాగా రూపొందించి, పటంగా చూపే విద్య నేడు పరిపాలనకు, వ్యవసాయానికి, వరదల నివారణకు అత్యంత ఉపయోగకరమైనది. ఆ విద్య పనిచేసే తీరును, దాని బలాన్ని, దాని పరిమితిని కొల్లేరు సరస్సు ఉదాహరణగా విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఎంతకూ తెగని వరుసను తెలుగువారు 'కొల్లేటి చాంతాడు' అంటారు. ఇలా జాతీయంలోకి ఎక్కిన కొల్లేరు కావ్యలోకంలోనూ చోటు సంపాదించుకున్నది. దండి మహాకవి సంస్కృతంలో రచించిన 'దశకుమార చరిత్ర'లో ఆంధ్రదేశంలోని ఒక మహాసరస్సు ప్రస్తావన ఉన్నది. అది కొల్లేరేనని పండితులు పలువురు భావించారు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ, పల్లపు నేలలో ఏర్పడిన ఈ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులూ, అనేక కాలువలూ వచ్చి చేరుతాయి. చేరిన నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. చేపలు పట్టి జీవించేవారికీ, వలస వచ్చే పక్షులకూ ఈ జలాశయమే జీవనాధారం.

ఈ సరస్సు ఎక్కడ మొదలవుతుంది? ఎక్కడ ముగుస్తుంది? చూడగా ఇది చిన్న ప్రశ్న. సమాధానం మాత్రం సులభం కాదు. కొల్లేటికి రాతిగట్టు వంటి స్థిరమైన ఒడ్డు లేదు. వానాకాలంలో అది ఉబ్బి పొలాలను ముంచుతుంది. వేసవిలో కుంచించుకొని నేలను బయటపెడుతుంది. జులైలో నీరు ఉన్న చోట ఏప్రిల్‌లో పశువులు మేయవచ్చు. కవి వర్ణనకు ఈ అనిశ్చితి అందమే కాని, చట్టానికి అది అడ్డంకి. చట్టానికి ఒక గీత కావాలి. అందుకు ఎంచుకున్న గీతకే సమోన్నత రేఖ అని పేరు. సగటు సముద్రమట్టం నుండి ఒకే ఎత్తులో ఉన్న బిందువులను కలుపుతూ పోయే రేఖను సమోన్నత రేఖ అంటారు. కొల్లేటి ప్రాంతవాసులు దీనిని 'కాంటూరు' అనే పిలుస్తారు. అక్కడ కాంటూరు అనే మాట సర్వేయర్ల నోట మాత్రమే కాదు, చేపల రైతుల నోట, కూలీల నోట కూడ నిత్యం వినవస్తుంది.

1999లో ప్రభుత్వం ప్లస్ ఐదు అడుగుల కాంటూరు వరకు, అనగా సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేర, కొల్లేటిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలల జాబితాలో కొల్లేటికి స్థానం లభించింది. ప్లస్ మూడు అడుగుల కాంటూరు వరకే లెక్కిస్తే సరస్సు విస్తీర్ణం సుమారు 135 చదరపు కిలోమీటర్లు మాత్రమే. ఈ రెండు గీతల మధ్య ఎత్తులో ఉన్న తేడా రెండే అడుగులు. విస్తీర్ణంలో తేడా 173 చదరపు కిలోమీటర్లు. లెక్క కట్టి చూస్తే ఎత్తులో ఒక్క అంగుళానికి సగటున ఏడు చదరపు కిలోమీటర్ల నేల అటో ఇటో అవుతుందన్నమాట. బొటనవ్రేలి వెడల్పంత తేడాలో కొన్ని వందల కుటుంబాల బ్రతుకుతెరువు ఇమిడి ఉండవచ్చు. కనుకనే కొల్లేటి పటాన్ని గీయడం కేవలం చిత్రలేఖనం కాదు. అది న్యాయనిర్ణయం వంటి పని.

పూర్వం పటాలను కాలినడకన తయారుచేసేవారు. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు సమీపంలో ఆధార రేఖను కొలిచి, అక్కడి నుండి త్రిభుజాల వలను అల్లుకుంటూ దేశాన్ని కొలిచే బృహత్కార్యాన్ని ఆరంభించాడు. దక్షిణదేశంలో సర్వేలు జరిపి, 1815లో భారతదేశ సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ నేల కొలతలతో తృప్తి పడలేదు. గ్రామాల కైఫీయతులనూ, శాసనాలనూ, స్థానికుల జ్ఞాపకాలనూ సేకరింపజేశాడు. ఆ పనిలో ఆయనకు కుడిభుజంగా నిలిచినవారు ఏలూరు ప్రాంతానికి చెందిన కావలి సోదరులు. నేలను కొలవడంతో సరిపోదు, ఆ నేలపై నివసించేవారిని అడగాలి అన్న సూత్రం నాటి నుండే ఈ విద్యలో ఉన్నది.

కంప్యూటర్ రాకతో పటం స్వరూపమే మారిపోయింది. 1960 దశకంలో కెనడా ప్రభుత్వం తన విశాల భూభాగంలో ఏ నేల ఎందుకు పనికివస్తుందో తెలుసుకోవాలని సంకల్పించింది. వేలాది పటాలను ఒకదానిపై ఒకటి పరచి మనుషులు పోల్చడం అసాధ్యమని తేలింది. అప్పుడు రోజర్ టామ్లిన్సన్ అనే భూగోళవేత్త ఆ పనిని కంప్యూటర్‌కు అప్పగించే పద్ధతిని రూపొందించాడు. భౌగోళిక సమాచార వ్యవస్థ, అనగా నేడు అందరూ జి.ఐ.ఎస్. అని పిలిచే పద్ధతికి అది నాంది.

ఈ వ్యవస్థలో పటం ఒకే కాగితం కాదు, పొరల సముదాయం. కొల్లేటినే తీసుకుంటే ఏరులు, కాలువలు ఒక పొర. లంక గ్రామాలు ఒక పొర. రోడ్లు ఒక పొర. చేపల చెరువులు ఒక పొర. నేల ఎత్తులు మరొక పొర. ప్రతి పొరలోని ప్రతి వస్తువుకూ అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి కనుక అన్ని పొరలూ ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. సమాచారాన్ని దాచే తీరు ప్రధానంగా రెండు విధాలు. గ్రామాన్ని బిందువుగా, కాలువను రేఖగా, చెరువును బహుభుజిగా గుర్తించడం ఒక విధం. నేలనంతటినీ చదరంగం బల్లవలె సమానమైన గడులుగా విభజించి, ఒక్కొక్క గడికి ఒక్కొక్క సంఖ్యను ఇవ్వడం రెండవ విధం. హద్దులు స్పష్టంగా ఉన్నవాటికి మొదటిది, ఎత్తు, వర్షపాతం వంటి క్రమంగా మారేవాటికి రెండవది అనుకూలం. పొరలు సిద్ధమయ్యాక ప్రశ్నలు అడగవచ్చు. ఐదు అడుగుల కాంటూరు లోపల చెరువుల విస్తీర్ణం ఎంత? ఉప్పుటేటికి అర కిలోమీటరు దూరంలో ఉన్న గ్రామాలు ఎన్ని? కాగితంపై నెలలు పట్టే ఈ లెక్కలను కంప్యూటర్ క్షణాలలో చెబుతుంది. 2002లో ప్రారంభమైన క్యూ.జి.ఐ.ఎస్. వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వలన ఈ సౌకర్యం నేడు సామాన్య విద్యార్థికి కూడ అందుబాటులోకి వచ్చింది.

పొరలకు కావలసిన సమాచారంలో అధికభాగం ఆకాశం నుండి వస్తున్నది. 1972లో అమెరికా ప్రయోగించిన ల్యాండ్‌శాట్ ఈ మార్గంలో తొలి మెట్టు. 1988 మార్చి 17న భారతదేశపు తొలి దూర సంవేదన ఉపగ్రహం ఐ.ఆర్.ఎస్. 1ఎ కక్ష్యలోకి చేరింది. ఈ ఉపగ్రహాలు పంపే చిత్రాలను అందుకొని వినియోగంలోకి తెచ్చే సంస్థ హైదరాబాదులోనే ఉన్నది. 2008 నుండి అది జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం అనే పేరుతో కొనసాగుతున్నది. 2009లో 'భువన్' పేరిట మన దేశపు ఉపగ్రహ పటాలు ప్రజలకు అందివచ్చాయి.

ఉపగ్రహం మానవ నేత్రానికి కనిపించని పరారుణ కాంతిని కూడ గ్రహిస్తుంది. నీరు ఆ కాంతిని పీల్చుకుంటుంది కనుక చిత్రంలో నల్లగా కనిపిస్తుంది. పచ్చని మొక్కలు దానిని బలంగా ప్రతిఫలిస్తాయి. ఈ భేదాన్ని ఆధారం చేసుకొని కంప్యూటర్ ఒక్కొక్క గడిని నీరు, పైరు, బీడు, ఊరు అని వర్గీకరిస్తుంది. సరళమైన గట్లతో, కోణాలతో ఉండే చేపల చెరువులను గుర్తించడం చిత్రంలో మరీ తేలిక. 2001 నాటి భారతీయ ఉపగ్రహ చిత్రాన్ని పరిశీలించిన భూగోళ శాస్త్రజ్ఞులు సరస్సులో సుమారు 42 శాతం చేపల చెరువుల పాలైనట్లు తేల్చారు. గట్టుపై నిలిచి చూసేవానికి కనుచూపు మేర నీరే కనిపించే చోట, ఆకాశం నుండి చూసిన కంటికి సరస్సు ముక్కలు చెక్కలైన సంగతి బోధపడింది. ఇదీ ఈ విద్య చేసిన మేలు.

అయినా ఆకాశపు కన్ను పొరపడదని చెప్పలేము. కొల్లేటిలో గుర్రపుడెక్క దట్టంగా అల్లుకున్న చోట అడుగున నీరు ఉన్నా, పైన పచ్చదనమే కనిపిస్తుంది. కంప్యూటర్ దానిని పైరుగా లెక్కించవచ్చు. నాట్లకు నీరు పెట్టిన వరిమడి నీటిగుంటవలె కనిపించవచ్చు. వేసవిలో తీసిన చిత్రాన్నీ, వానాకాలంలో తీసిన చిత్రాన్నీ పోల్చి సరస్సు పెరిగిందనో తరిగిందనో చెబితే ఆ తీర్పు ఋతువును గురించినదే కాని సరస్సును గురించినది కాదు. అందువలననే చిత్రంలోని కొన్ని చోట్లను ఎంచుకొని, శాస్త్రజ్ఞులు స్వయంగా అక్కడికి వెళ్ళి, యంత్రం చెప్పిన మాట నిజమా కాదా అని సరిచూస్తారు. ఈ క్షేత్ర పరిశీలన లేని వర్గీకరణకు విలువ స్వల్పం.

ఎత్తుల విషయంలో జాగ్రత్త మరింత అవసరం. నేలను గడులుగా విభజించి ప్రతి గడికి దాని ఎత్తును సంఖ్యగా ఇస్తే ఆ సంఖ్యల పట్టికను అంకాత్మక ఎత్తు నమూనా అంటారు. 2000 ఫిబ్రవరిలో అమెరికా వ్యోమనౌక ఎండీవర్ పదకొండు రోజుల యాత్రలో రాడార్ సాయంతో ప్రపంచంలో అధికభాగానికి ఇటువంటి కొలతలు తీసింది. ఇటువంటి నమూనా ఒకటి చేతిలో ఉంటే కంప్యూటర్ నీటి నడకను ఊహించగలదు. ప్రతి గడి చుట్టూ ఎనిమిది గడులు ఉంటాయి. వాటిలో ఏది ఎక్కువ పల్లమో అటే నీరు జారుతుందని లెక్క వేస్తుంది. ఇలా గడి నుండి గడికి సాగితే ఏరుల జాడలూ, ముంపు ప్రాంతాలూ తెరపై ఏర్పడతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో అనేక కాలనీలను ముంచింది. అటువంటి ఉపద్రవాలకు ముందుగా సిద్ధపడటానికి ఈ నమూనాలు ఎంతగానో తోడ్పడగలవు.

కాని కొల్లేటి గీత దగ్గర ఈ నమూనా తడబడుతుంది. వ్యోమనౌక కొలతలలో ఎత్తుకు 16 మీటర్ల వరకు దోషాన్ని అనుమతించారు. చాలాచోట్ల ఫలితం అంతకంటె మెరుగైనదే అయినా, కొన్ని మీటర్ల తేడా తప్పదు. ప్లస్ ఐదు అడుగులు అంటే ఒకటిన్నర మీటరు. మీటర్ల దోషం గల కొలతతో అడుగుల తేడాను నిర్ణయించబూనడం బియ్యం బస్తాలు తూచే కాటాలో బంగారం తూచడం వంటిది. పైగా గడి పొడవు 30 మీటర్లైతే, కొద్ది మీటర్ల వెడల్పు గల చెరువు గట్టు ఆ గడిలో కలిసిపోతుంది. నేలపై నీటిని అడ్డగించే గట్టు తెరపై మాయమై, నీరు స్వేచ్ఛగా పారినట్లు కనిపిస్తుంది.

మరొక చిక్కు ఉన్నది. ఉపగ్రహ సంకేతాలను అందుకొని స్థానాన్ని తెలిపే జి.పి.ఎస్. పరికరం ఎత్తును సముద్రమట్టం నుండి కొలవదు. భూమికి ఊహించిన ఒక నున్నని గణిత రూపం నుండి కొలుస్తుంది. ఆ రూపానికీ, నిజమైన సముద్రమట్టానికీ దక్షిణ భారతంలో పదుల మీటర్ల అంతరం ఉన్నది. ఆ సవరణ చేయకపోతే పొడినేలపై నిలిచినవాడు సముద్రగర్భంలో ఉన్నట్లు లెక్క వస్తుంది. కనుక అడుగుల్లో తేల్చవలసిన గీతకు లేజర్ కిరణాలతో విమానం నుండి తీసే సూక్ష్మమైన కొలతలైనా కావాలి, బెంచి మార్కు నుండి బయలుదేరి లెవెల్ పరికరంతో అంచెలంచెలుగా సాగే పాత పద్ధతి అయినా కావాలి. ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ అయినా తనకు ఇచ్చిన కొలతలలో లేని నైశిత్యాన్ని పుట్టించలేదు.

సమాచారం సక్రమంగా ఉన్నా, దానిని చూపే పద్ధతిలో కూడ పొరపాటు దొర్లవచ్చు. ముంపు ముప్పును ఐదు రంగులలో చూపదలచినప్పుడు ఏ అంకె దగ్గర రంగు మార్చాలో నిర్ణయించేది మనిషే. ఆ అంకెను కొద్దిగా జరిపితే అదే గ్రామం పసుపు నుండి ఎరుపులోకి మారుతుంది. గ్రామంలోని మొత్తం చెరువులను లెక్కించి రంగు వేస్తే పెద్ద గ్రామమే నేరం చేసినట్లు కనిపిస్తుంది. విస్తీర్ణంతో భాగించి చూపితే చిత్రం వేరుగా ఉంటుంది. చదునైన నేలను తెరపై ముచ్చటగా చూపాలని ఎత్తులను పదింతలు పెంచితే కొల్లేటి లంకలు కొండలై నిలుస్తాయి. ఇందులో అసత్యం లేకపోవచ్చు కాని, పెంచిన సంగతి చెప్పకపోతే అపోహకు చోటు కలుగుతుంది. కనుక మంచి పటం తన మూలాన్ని, తేదీని, స్కేలును, దోష పరిమితిని తన మూలనే ప్రకటిస్తుంది.

ఈ జాగ్రత్త కంప్యూటర్ యుగంతో పుట్టినది కాదు. 1854లో లండన్ నగరంలోని సోహో ప్రాంతంలో కలరా చెలరేగినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు మరణాలు సంభవించిన ఇండ్లను పటంపై గుర్తించాడు. ఆ గుర్తులు బ్రాడ్ వీధిలోని ఒక చేతిపంపు చుట్టూ గుమిగూడాయి. అయితే ఆయన నిర్ణయం ఆ గుర్తులపై మాత్రమే ఆధారపడలేదు. ఆయన ఇంటింటికీ తిరిగి, ఎవరు ఏ నీరు త్రాగారో విచారించాడు. పంపుకు సమీపంలోనే ఉన్నా కొందరు ఎందుకు బ్రతికారో పరిశీలించాడు. దగ్గరలోని పేదల వసతిగృహానికి సొంత బావి ఉన్నదనీ, అందువలన అక్కడ మరణాలు స్వల్పమనీ తెలుసుకున్నాడు. పటం ప్రశ్నను చూపింది. ఇంటింటి విచారణ సమాధానాన్ని ఇచ్చింది.

తిరిగి కొల్లేటికి వస్తే, అక్కడి గీత వెనుక ఉన్న మనుషుల కథ తెలుస్తుంది. 1970 దశకంలో ప్రభుత్వమే లంక గ్రామాల పేద మత్స్యకారుల సహకార సంఘాలకు సరస్సులో చేపల చెరువులను మంజూరు చేసింది. కాలక్రమంలో పెట్టుబడి గలవారు ప్రవేశించారు, చెరువులు విస్తరించాయి, నీటి దారులు మూసుకుపోయాయి. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట కాంటూరు లోపలి చెరువు గట్లను యంత్రాలతో కొట్టివేశారు. సరస్సుకు ఊపిరి ఆడింది. అదే సమయంలో ఆ చెరువులపై ఆధారపడిన కూలీలకూ, చిన్నకారు రైతులకూ ఉపాధి పోయింది. అభయారణ్యాన్ని ప్లస్ మూడు కాంటూరుకు తగ్గించాలని 2008లో రాష్ట్ర శాసనసభ తీర్మానించింది. కొన్నిచోట్ల చెరువులు మళ్ళీ తలెత్తాయి. పక్షులకు, వరదనీటికి చోటు కావాలన్నది ఒక సత్యం. పేదవానికి పూట గడవాలన్నది మరొక సత్యం. ఈ రెండింటి మధ్య ఎవరు ఎక్కడ ఆగాలో కంప్యూటర్ చెప్పలేదు. ఎక్కడ ఏమి ఉన్నదో, గీతను జరిపితే ఏమి జరుగుతుందో మాత్రమే అది చెప్పగలదు. నిర్ణయం సమాజానిది.

అట్లని ఈ విద్యను తక్కువగా చూడరాదు. సరైన కొలతలతో గీసిన పటం బలవంతుని మాటకూ, బలహీనుని మాటకూ ఒకే కొలబద్ద పెడుతుంది. తన చెరువు గీతకు ఇవతల ఉన్నదో, అవతల ఉన్నదో చూపమని సామాన్యుడు అడగగలుగుతాడు. ఆ అవకాశం నిలవాలంటే పటం గీసేవానికి మూడు గుణాలు అవసరం. యంత్రాన్ని ప్రయోగించే నేర్పు మొదటిది. తన కొలతలో ఎంత దోషం ఉన్నదో ఒప్పుకునే నిజాయితీ రెండవది. దోనె ఎక్కి సరస్సులోకి వెళ్ళి, వల వేసే మనిషిని 'ఇక్కడ నీరు ఏ నెల వరకు నిలుస్తుంది?' అని అడిగే వినయం మూడవది. కాంటూరుపై తుది గీత గీయడానికి ముందు ఆ మనిషి చెప్పే జవాబును కూడ ఒక పొరగా చేర్చుకొన్న పటమే కొల్లేటికి సరైన పటం.

కఠిన పదాలు – అర్థాలు

చాంతాడు = బావి నుండి నీరు తోడే పొడవైన త్రాడు
జీవనాధారం = బ్రతుకుతెరువు
కైఫీయతు = గ్రామ వృత్తాంతం
నాంది = ఆరంభం
లంక = చుట్టూ నీరు గల మెరక నేల
పరారుణ కాంతి = ఎరుపు రంగుకు ఆవల ఉండే, కంటికి కనిపించని కాంతి
గుర్రపుడెక్క = నీటిపై తేలుతూ అల్లుకునే కలుపు మొక్క
నైశిత్యం = సూక్ష్మత, పదును
అపోహ = తప్పు అభిప్రాయం
దోనె = చిన్న పడవ

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. కొల్లేటి సరిహద్దును నిర్ణయించడంలో సమోన్నత రేఖకు గల ప్రాముఖ్యాన్ని వివరించండి.
2. ఉపగ్రహ చిత్రాలు, ఎత్తు నమూనాలు కొల్లేటి విషయంలో చేసిన మేలును, వాటి పరిమితులను చర్చించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. భౌగోళిక సమాచార వ్యవస్థలో 'పొర' అనగానేమి?
2. క్షేత్ర పరిశీలన ఎందుకు అవసరం?
3. జాన్ స్నో అనుసరించిన పద్ధతిని తెలపండి.
4. పటం గీసేవానికి ఉండవలసిన మూడు గుణాలు ఏవి?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. కొల్లేటి నీరు దేని గుండా సముద్రాన్ని చేరుతుంది?
2. భారతదేశపు తొలి దూర సంవేదన ఉపగ్రహం ఏది?
3. కాలిన్ మెకంజీకి తోడ్పడిన తెలుగువారు ఎవరు?

సంధులు

సమోన్నత = సమ + ఉన్నత – గుణసంధి
జలాశయం = జల + ఆశయం – సవర్ణదీర్ఘ సంధి
అత్యంత = అతి + అంత – యణాదేశ సంధి

సమాసాలు

మహాసరస్సు = గొప్పదైన సరస్సు – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
అక్షాంశ రేఖాంశాలు = అక్షాంశమును, రేఖాంశమును – ద్వంద్వ సమాసం
జీవనాధారం = జీవనమునకు ఆధారం – షష్ఠీ తత్పురుష సమాసం

భాషాకార్యం

మీ గ్రామంలో లేదా వీధిలో వాననీరు నిలిచే చోట్లను గుర్తించి ఒక పటం గీయండి. ఆ చోట్లను గురించి పెద్దలను అడిగి తెలుసుకొన్న విషయాలను పది వాక్యాలలో వ్రాయండి.